మంత్రిగారి బొటనవేలు

"ఈ జైల్లోంచి మనిషి కాదు కదా, చీమ కూడా బయటికి పోలేదు!" అని జైళ్ళ మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నా చప్పట్లు అందరికన్నా గట్టిగా వినిపించాయి. మైకు పక్కనే నుంచున్నాను మరి. సభలకు మైకు సెట్లు అద్దెకివ్వడం నా పని. పదహారేళ్ళుగా మంత్రిగారి ప్రతి మాటా నా హారన్లోంచే జనానికి చేరుతోంది కాబట్టి ప్రజాసేవలో నాకూ కొంత వాటా ఉందని మా ఆవిడ తప్ప అందరూ ఒప్పుకుంటారు.

ఆ హై సెక్యూరిటీ జైలు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇరవై అడుగుల గోడ, దాని మీద కరెంటు తీగ, ఏడు కుక్కలు. అన్నిటికన్నా గొప్పది ముందు గేటు. దానికి తాళంచెవి లేదు, బొటనవేలు ఆనించాలి. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు స్వహస్తాలతో తెరవాలని కంపెనీ వాళ్ళు ఆయన వేలిముద్ర ఎక్కించారు. ఎక్కించి వెళ్ళిపోయారు. మంత్రిగారి వేలున్న చోట మన వేలెందుకని అధికారులు వినయంగా ఊరుకున్నారు. ఆయన ప్రతిదాంట్లోనూ వేలు పెడతారని గిట్టనివాళ్ళు అంటుంటారు గానీ, ఈ ఒక్క గేటు విషయంలో ఆయన వేలు పెట్టకపోతే పని జరగదు. ప్రారంభోత్సవం అయిన దగ్గర్నించీ సిబ్బంది రాకపోకలన్నీ వెనకనున్న వంటింటి తలుపు నుంచే.

మంత్రిగారు ప్రకటించి ఊరుకునే మనిషి కాదు. "నిరూపిస్తాం!" అన్నారు. గురువారం సాయంత్రం జైలు ముందు సభ. సభ జరుగుతుండగా ఒక ఖైదీ పారిపోయే ప్రయత్నం చేస్తాడు, పట్టుబడతాడు. అయిదింటికి తలలు లెక్కపెట్టి, ఒక్కడు కూడా తగ్గలేదని మంత్రిగారే స్వయంగా మైకులో చెబుతారు.

గురువారం పొద్దున నేను తీగలు లాక్కుంటూ సూపరింటెండెంటుగారి గదిలోకి వెళ్ళాను.

"ప్లగ్గు ఎక్కడ పెట్టుకోను సార్?"

"ఆ ఎర్రది పీకి నీది పెట్టుకో."

"అది సైరన్‌ది కదండీ?"

"మంత్రిగారు మాట్లాడుతుంటే మధ్యలో సైరన్ మోగితే బాగుంటుందా?"

బాగుండదు. పీకి పెట్టుకున్నాను.

అప్పుడే 117 నంబరు ఖైదీని తీసుకొచ్చారు. బల్లి తాత అంటారట. అరవై ఎనిమిదేళ్ళు, బక్కపల్చటి మనిషి, కుడి మోకాలికి పట్టీ. వయసులో ఉండగా తాళాలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. మూడు జైళ్ళ గోడలెక్కి దిగాడు, అందుకే ఆ పేరు.

"నువ్వు పారిపోవాలి," అన్నారు సూపరింటెండెంటుగారు. "అంటే, పారిపోబోవాలి. వంటింటి దాకా వెళ్ళు. అక్కడ సెంట్రీ పట్టుకుంటాడు. ఫోటో తీస్తారు. అంతే."

"రేపు నా విడుదల సార్."

"అయితే?"

తాత చేతులు జోడించాడు. "నా జన్మలో ఏ జైల్లోంచీ ముందు గేటు గుండా బయటికి రాలేదు సార్. మా అమ్మాయి పెళ్ళిక్కూడా గోడ దూకే వెళ్ళాను. తాళి కడుతుంటే దూరంగా నీళ్ళ ట్యాంకు వెనక నుంచుని చూశాను. రేపు పదింటికి అది గేటు ముందు నుంచుంటానంది. ఈసారైనా నలుగురూ చూస్తుండగా నడిచి రా నాన్నా అంది. ఇవాళ పొరపాటున బయటపడ్డానంటే ఇంకో మూడేళ్ళు వేస్తారు."

"పిచ్చివాడా! ఇది హై సెక్యూరిటీ జైలు. నువ్వు కావాలనుకున్నా బయటపడలేవు."

సర్కారువారి హామీ. తాత నమ్మాడు. నేనూ నమ్మాను.

సాయంత్రం నాలుగున్నరకి మంత్రిగారు మైకందుకున్నారు, లోపల తాత బయల్దేరాడు. తర్వాత అతను చెప్పిందాన్నిబట్టి చూస్తే ఇంత మర్యాదగా పారిపోయినవాడు చరిత్రలో లేడు. మొదటి తలుపు దగ్గర గార్డు లేడు, మంత్రిగారికి సెల్యూట్ కొట్టడానికి వెళ్ళాడు. కుక్కలకు రోజూ స్నానం చేయించేది తాతే కాబట్టి అవి తోకలూపుకుంటూ వంటింటి దాకా సాగనంపాయి. వంటింట్లో పట్టుకోవలసిన సెంట్రీని, వంటమనిషితో సహా, సభలో ఖాళీ కుర్చీలు నింపడానికి పట్టుకెళ్ళారు. తాత పది నిమిషాలు నుంచున్నాడు. దగ్గాడు. ఒక గిన్నె కింద పడేశాడు. "ఎవరన్నా ఉన్నారా నాయనా, పారిపోతున్నాను," అని కేక కూడా వేశాడు. సెంట్రీ ఏమన్నా అటున్నాడేమోనని తలుపు తోసి ఒక్క అడుగు బయట పెట్టాడు. వెనక తలుపు టక్కున మూసుకుంది.

ఆ తలుపుకి లోపల గడియ లేదు. బయట పిడి లేదు, తట్టినా తీసేవాళ్ళు లోపల లేరు.

మంత్రిగారు "చీమ కూడా" అంటున్నప్పుడు ఎవరో నా చొక్కా లాగారు.

"బాబూ, లోపలికి దారెటు?" అన్నాడు తాత. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

నేనతన్ని ముందు గేటు దగ్గరున్న సెంట్రీ దగ్గరికి తీసుకెళ్ళాను.

"పాసుందా?" అన్నాడు సెంట్రీ.

"నేను 117ని బాబూ."

"117ని చూడ్డానికొచ్చావా? నువ్వేమవుతావు అతనికి?"

"నేనే అతను."

"నేనే అని రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు. అన్న, తమ్ముడు, మామ, బావమరిది ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పు."

"అయ్యా, నేను ఖైదీని! ఈ చొక్కా చూడు."

"చొక్కాదేముంది, ఎవరైనా కుట్టించుకుంటారు." సెంట్రీ వాకీటాకీలో లోపలికి అడిగి, తాతను పైనుంచి కిందికి చూశాడు. "117 లోపలే ఉన్నాడట. ఇప్పుడే లెక్కపెట్టారు. నువ్వెవరో చెప్పు."

లోపల జరిగింది ఇది. లెక్క ఒకటి తగ్గేసరికి సూపరింటెండెంటుగారికి చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే మంత్రిగారి అనుచరుడు మంచినీళ్ళ కోసం ఆఫీసులోకి వచ్చాడు. ప్రతి సభలోనూ జై కొట్టేది ఇతనే. "అయిదు నిమిషాలు కూర్చోండి, మంత్రిగారి పరువు మీ చేతుల్లో ఉంది," అని అతనికి ఇంకో 117 చొక్కా తొడిగి, లెక్కల పుస్తకంలో 117కి ఎదురుగా సంతకం పెట్టించారు. పార్టీ కోసం ప్రాణమైనా ఇస్తానని అతను చాలాసార్లు అన్నాడు. ప్రాణంతో పోలిస్తే ఇదెంత?

"రెండు వందల పన్నెండు!" అని మంత్రిగారు మైకులో గర్జించారు. "ఉండాల్సింది రెండు వందల పన్నెండు, ఉన్నది రెండు వందల పన్నెండు!"

జనం చప్పట్లు కొట్టారు. తాత కొట్టలేదు. గోడ వైపు చూస్తున్నాడు. గోడ మీద హారన్ కట్టడానికి వేసిన నిచ్చెన ఇంకా అక్కడే ఉంది.

"ఆ నిచ్చెన నీదేనా బాబూ?"

"నాదే."

"రెండు నిమిషాలిస్తావా?"

ఇచ్చాను. మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుని "అమ్మా" అనుకుంటూ ఎక్కాడు. తీగలో కరెంటు లేదు, దాన్ని ఆ పూట మంత్రిగారి కూలర్లకు ఇచ్చారు. సగం ఎక్కేసరికి జనం అటు తిరిగారు. మంత్రిగారూ తిరిగారు. జైలు బట్టల్లో ఒక ముసలాయన జైల్లోకి చొరబడుతున్నాడు. ఇంకొకరైతే నోరు పెగిలేది కాదు.

"చూశారా!" అన్నారు మంత్రిగారు. "మన జైల్లో సౌకర్యాల గురించి విని జనం లోపలికి దూకుతున్నారు!"

సభ హోరెత్తిపోయింది. గోడకవతల ధబ్బుమన్న చప్పుడు, కుక్కల సంతోషం వినిపించాయి.

మర్నాడు తొమ్మిదిన్నరకు నా ఆంప్లిఫయర్ కోసం వెళ్ళి, వంటింటి తలుపు తట్టి, లోపలికెళ్ళాను. సూపరింటెండెంటుగారి గదిలో 117లు ఇద్దరున్నారు.

"తక్కువైతే పారిపోయాడని రాస్తాం," అంటున్నారు ఆయన, ఎర్రబడ్డ కళ్ళతో. "రెండు వందల పదమూడైతే ఏమని రాయను? ఎక్కువకి గడే లేదు!"

"నన్ను పంపించండి సార్," అన్నాడు అనుచరుడు. "మంత్రిగారు టూర్‌లో ఉన్నారు. జై కొట్టేవాడు లేడు."

"పంపిస్తాను. 117గా సంతకం పెట్టింది మీరు. ఇవాళ విడుదల 117కి. కాగితాల ప్రకారం వెళ్ళాల్సింది మీరే."

"మరి నేను?" అన్నాడు తాత.

"నువ్వు అనుమతి లేకుండా గోడ దూకి జైల్లోకి ప్రవేశించిన గుర్తుతెలియని వ్యక్తివి. వెయ్యిమంది చూశారు. కేసు పెట్టాలి."

తాత కిటికీలోంచి చూశాడు. గేటు బయట ఒకావిడ గొడుగేసుకుని నుంచుంది. మాటిమాటికీ గొడుగు వెనక్కి వంచి గేటు వంక చూస్తోంది. నేను చూపు తిప్పుకున్నాను. నిచ్చెన ఇచ్చింది నేనే కదా.

పదింటికి అనుచరుణ్ణి గేటు దగ్గరికి తీసుకెళ్ళారు, వెనకే మేమూ వెళ్ళాం. విడుదలైన ఖైదీ ముందు గేటు నుంచే వెళ్ళాలని రూలు, ఈ జైల్లో ఇదే మొదటి విడుదల. గేటు వేలడిగింది. సూపరింటెండెంటుగారు తన వేలు పెట్టారు, అనుచరుడు పెట్టాడు, వరసగా సిబ్బందంతా పెట్టారు. గేటు ఎవరినీ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే వేలు రెండు వందల మైళ్ళ అవతల ఏదో శిలాఫలకం మీద ఉంది.

సూపరింటెండెంటుగారు నెమ్మదిగా వెనక్కి తిరిగారు. "తాతా..."

"గుర్తుతెలియని వ్యక్తిని కదండీ," అన్నాడు తాత.

ఆయన కాగితం తీసి, 'ఇతనే 117' అని రాసి, ముద్ర కొట్టారు. తాత రెండుసార్లు చదివించుకుని జేబులో పెట్టుకున్నాడు. నా జేబులోని కరెంటు టెస్టరు అడిగి తీసుకున్నాడు. మోకాలి నొప్పితో కింద కూర్చోడానికి ఒక నిమిషం పట్టింది. గేటు తెరవడానికి అంత పట్టలేదు.

టెస్టరు నాకిచ్చేసి, చొక్కా సర్దుకుని, తాత ముందు గేటులోంచి నడిచి వెళ్ళాడు. గొడుగావిడ గొడుగు కింద పడేసి ఎదురొచ్చింది. "ముందు గేటే నాన్నా!" అంటూ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆంప్లిఫయర్ భుజాన పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ వెనకే బయటపడ్డాను. అనుచరుడు మళ్ళీ ఎవరన్నా లెక్కపెట్టేలోగా వంటింటి వైపు పరిగెత్తాడు.

తండ్రీ కూతుళ్ళు పది అడుగులు వేశారో లేదో, వెనకనుంచి సూపరింటెండెంటుగారు గొంతు తగ్గించి పిలిచారు.

"తాతా! ఇది వెయ్యడం మాకెవరికీ రాదు. పోతూ పోతూ గేటేసి వెళ్ళు."

తాత ఆగాడు. కూతురి చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగాడు.

"బయటినుంచేనా సార్?" అన్నాడు.