పోనీ పాఠం

రవాణా మంత్రిగారు టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడి, రోడ్డు ప్రమాదాలకు అసలు కారణం కనిపెట్టానని ప్రకటించారు. రోడ్లు కావట. ఆయన వేయించిన రోడ్లు గనక అవి కావని మాకూ తెలుసు. కార్లు నడిపేవాళ్లూ కాదట. వాళ్లకు నేర్పినవాళ్లట! "ఇకమీదట పరీక్ష పాసవకుండా ఎవరూ ఎవరికీ డ్రైవింగ్ నేర్పడానికి వీల్లేదు. మొట్టమొదట నేనే పరీక్షకు కూర్చుంటాను. నా జీవితమంతా కార్లోనే గడిచింది," అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అంతటి త్యాగాన్ని చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.

మా వదిన మాత్రం కొట్టలేదు. ఆమె ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తుతూ, నేర్పడం ఎలాగో నేర్చుకుంటోంది. ఈ పరీక్ష పాసైతే స్కూల్లో రెండో కారు ఆమె చేతికొస్తుంది. తప్పితే ఆ ఫోను, ఆ స్టూలు, అంతే. అందుకని ఇంట్లో కూడా సాధన మానలేదు. అన్నయ్య భోజనం బల్ల దగ్గర్నుంచి లేవబోతే చాలు, "వెనక చూసుకోండి... ఎవరైనా వస్తున్నారేమో... ఆఁ, ఇప్పుడు నెమ్మదిగా" అనేది. వెనక నీళ్ల జగ్గుతో నేను వస్తూ ఉండేవాణ్ని. అన్నయ్య పాపం, చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చి మరీ లేచేవాడు.

పరీక్ష ఎలా ఉంటుందంటే, పరీక్షాధికారి స్టీరింగ్ పట్టుకుని ఏమీ రాని శిష్యుడిలా నటిస్తాడు. కావాలనే తప్పులు చేస్తాడు. అభ్యర్థి పక్క సీట్లో కూర్చుని ఆ తప్పులు పట్టాలి. మాట పనిచేయకపోతే కాలు పనిచేయాలి. పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది.

మంత్రిగారి పరీక్షకు వదినవాళ్ల స్కూలు కారే వెళ్లింది. బొకేలు పట్టుకోవడానికి మనిషి కావాలంటే నేనూ వెళ్లాను. మంత్రిగారు కారు పక్కన, ఎవరో తలుపు తీసేదాకా హుందాగా నిలబడ్డారు. తీశాక ఎక్కి, వెనక సీట్లో నా పక్కన సర్దుకున్నారు.

"సార్, నేర్పేవాళ్ల సీటు ముందండీ," అన్నాడు పరీక్షాధికారి.

"ముందు మా గన్‌మన్ కూర్చుంటాడు కదయ్యా!"

న్యాయమైన మాట. గన్‌మన్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని రెండో బ్రేకు దగ్గర కూర్చున్నాడు.

"పోనీ," అన్నారు మంత్రిగారు.

అధికారి అద్దం చూడకుండా కారు తీశాడు. "పోనీ." ఎడమకు సిగ్నల్ ఇచ్చి కుడికి తిప్పాడు. "పోనీ, పోనీ." ఇంత ఓర్పున్న గురువును నేనింతవరకూ చూడలేదు. కూడలి దగ్గర దీపం ఎర్రబడింది.

"సార్, నేను కొత్తవాణ్ని. ఎర్ర దీపం వచ్చింది. ఏం చేయమంటారు?"

"పోనీ."

"ఎర్రది సార్."

"అయితే ఏంటి? బానే ఉందిగా!" మంత్రిగారు ఆసక్తిగా ముందుకు వంగారు. "ఇదెప్పుడు పెట్టారయ్యా? నేనెప్పుడూ చూళ్లేదే?"

కారు ఠక్కున ఆగింది. బొకేలన్నీ ముందుకు ఎగిరాయి.

"ఎవరాపింది?"

"కాలు పడింది సార్," అన్నాడు గన్‌మన్ తుపాకీ సర్దుకుంటూ.

"తియ్."

తీశాడు. కూడలి దాటాం. ఒక పాలవ్యాను డ్రైవరు సడన్ బ్రేకు వేసి, తల బయటపెట్టి మమ్మల్ని ఏదో అన్నాడు. మా అద్దాలు మూసి ఉండటంతో అభినందనే అనుకున్నాం.

మంత్రిగారికి నూటికి నూరు వచ్చాయి. సాయంత్రానికల్లా డిపార్ట్‌మెంటు ఆయన పరీక్షనే అందరికీ నమూనాగా ప్రకటించింది. నేర్పేవాళ్లు వెనక కూర్చోవాలి. ముందు గన్‌మన్ ఉండాలి. గన్‌మన్ లేనివాళ్లు ఇంట్లోవాళ్లను తెచ్చుకోవచ్చు. ఎర్ర దీపం దగ్గర సరైన జవాబు ఒక్కటే.

"ఒక్క మాటేగా వదినా, అనేయ్. కారు నీదవుతుంది," అన్నాను.

"ఇన్నాళ్లూ ఆపడమే నేర్చుకున్నాను మరిదిగారూ. ఆ మాట నోటికి రావడంలేదు," అంది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు వదిన వెనక సీట్లో, నేను రెండో బ్రేకు దగ్గర. అధికారి అద్దం చూడకపోతే "అద్దం" అంది. సిగ్నల్ తప్పు ఇస్తే "సిగ్నల్" అంది. అన్నప్పుడల్లా ఆయన దిగులుగా తలాడించి మార్కు కోశాడు. "ఎర్ర దీపం దగ్గరైనా జాగ్రత్తమ్మా. అది సరిగ్గా చెబితే గట్టెక్కుతారు," అని గొణిగాడు కూడా. మంచివాడు.

కూడలి వచ్చింది. దీపం ఎర్రబడింది.

"అమ్మా, నేను కొత్తవాణ్ని. ఏం చేయమంటారు?" అద్దంలోంచి ఆయన కళ్లు వదినను బతిమాలుతున్నాయి.

వదిన నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

"ఆపండి!"

నేను బ్రేకు తొక్కేశాను. మా ముక్కుల ముందు నుంచి మంత్రిగారి కాన్వాయ్ సైరన్లతో దూసుకుపోయింది. ఆ దీపం ఆయన కోసమే ఎర్రగా పెట్టారట. మేము గౌరవంతో ఆగామనుకుని ఆయన చెయ్యి ఊపారు. ఈసారి చేతుల్లో బొకేలు లేవు గనక నేనూ ఊపాను.

అధికారి చెమట తుడుచుకున్నాడు. ప్రాణం కుదుటపడ్డాక పెన్ను తీశాడు. "ఏం చేయనమ్మా! ఎర్ర దీపం దగ్గర ఆపేశారు. ఫెయిల్."

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది. "పోనీ, ఇంకోసారి వస్తాలెండి," అంది ఆమె.

అధికారి వెనక్కి తిరిగాడు. "ఏమన్నారు?"

"ఇంకోసారి వస్తానన్నాను."

"దానికి ముందు?"

"పోనీ అన్నాను..."

"అన్నారు! ఎర్ర దీపం దగ్గరే అన్నారు!" ఆయన ముఖం వెలిగిపోయింది. రాసింది కొట్టేసి, 'పాస్' అని రాసి, సంతకం పెట్టి, చెప్పిన మాట వినే మంచి శిష్యుడిలా గేరు వేశాడు. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. జీబ్రా గీతల మీద జనం దాటుతున్నారు. నేను రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను.

"ఆపండి!" అని అరిచింది వదిన.

"అమ్మా, అమ్మా, ఆ మాట అనకండి," అన్నాడాయన, "ఇప్పుడేగా పాసయ్యారు!"