గ్యారేజీలో రెండడుగుల దండయాత్ర

వారానికి ఆరు రోజులు ఆఫీసు కుర్చీకి దాసుడై, ఏడవ రోజున మాత్రమే వీరుడయ్యే ఒకానొక మహానుభావుని గాథ ఇది. అది ఆదివారం. మిట్టమధ్యాహ్నం. మార్తాండుడు గ్యారేజీ రేకులపై ప్రచండ కిరణ శరపరంపరను కురిపిస్తుండగా, గ్రీజుతిలకాంకిత లలాటుడు, స్పానరాయుధధారి, పంక్చర్‌దర్పభంజనుడు అయిన మన కథానాయకుడు, అప్పుడే బాగుచేసిన వెనక చక్రాన్ని ఉభయ హస్తాలా ఎత్తిపట్టి, అవతలి మూల స్టాండుపై విశ్రమిస్తున్న తన సైకిల్ వైపు బయలుదేరాడు.

వీధి చివర ఎవరిదో సైకిల్ సీటు పోయిందని విన్ననాటి నుండి ఆయనకు కంటి మీద కునుకు లేదు. గ్యారేజీని అభేద్య దుర్గంగా మార్చాడు. తలుపుకు మూడు తాళాలు, దాన్ని తనంతట తానే మూసే స్ప్రింగు, గోడకు కదలికను కనిపెట్టి కూసే సైరన్. అన్నీ స్వహస్తాలతో బిగించినవే. కాబట్టి అన్నీ కొంచెం వంకరే.

తలుపు మూసుకుంటే చాలు, సైరన్ కన్ను ఎర్రబడేది. గతవారం ఒక బల్లి గోడ మీద పరుగెత్తిన పాపానికి అది త్రిలోకాలు దద్దరిల్లేలా కూసింది. మేడ మీద పసిపాప ఉలిక్కిపడి లేచింది. అప్పుడు ఆయన అర్ధాంగి, పాపను భుజాన వేసుకుని, భీషణ ప్రతిజ్ఞ చేసింది.

"ఏవండీ, ఇంకొక్కసారి ఇది కూసిందంటే ఆ సైకిల్ మా తమ్ముడికి ఇచ్చేస్తా. తర్వాత నన్ను అనొద్దు."

ఆ తమ్ముడు సైకిల్ చైనుకు వంటనూనె పోసే రకం.

ఇప్పుడు, ఆ ఘోర మధ్యాహ్న ముహూర్తాన, ఎక్కడినుంచో ఒక గాలి తెర వచ్చి, తలుపుకు అడ్డుపెట్టిన అట్టముక్కను తోసేసింది. వెనక తలుపు టక్కున మూసుకుంది. గోడ మీద ఎర్రకన్ను తెరుచుకుంది. ఒక పాదం నేలమీద, ఒక పాదం గాలిలో ఉండగా మన వీరుడు శిలాప్రతిమయై నిలిచిపోయాడు. దాన్ని ఆపే రిమోట్ ఎక్కడుంది? దొంగల కంటపడకూడదని సైకిల్ సీటు కింద సంచిలో తానే దాచాడు. మధ్యన ఉన్నది రెండే రెండడుగుల దూరం. సముద్రమైతే ఈదవచ్చు.

ఇంతలో తలుపు అవతల చెప్పుల చప్పుడు.

"బావా, లోపలున్నావా?"

సాక్షాత్తూ బామ్మర్ది.

"ఉన్నాన్రా," అన్నాడు వీరుడు, పెదవులు మాత్రమే కదిపి.

"ఏం చేస్తున్నావ్?"

"నిలబడ్డాను."

"ఊరికేనా?"

"ఒంటికాలి మీద."

 అవతలి నుంచి ఆనందం నిండిన స్వరం. "ఎర్ర లైటు వెలిగిందా బావా? అయ్యయ్యో! తలుపు తియ్యనా?"

"తీస్తే కూస్తుంది. తీసింది నువ్వేనని మీ అక్కకి చెప్తా."

"నేనెందుకు తీస్తాను బావా, నీకు అన్యాయం చేస్తానా? ఊరికే అడుగుతున్నా, నీ సైకిల్‌కి ముందు బుట్ట పడుతుందా? కూరగాయలకి. వెనక పెద్ద క్యారియర్ కూడా పెట్టిద్దామనుకుంటున్నా."

ఈ వాక్శూలం గుండెల్లో దిగినా వీరుడు చలించలేదు. చలిస్తే కూస్తుంది. అంతరంగంలోనే ఎలుగెత్తి పలికాడు: "ఓ వామపాదమా! మహోన్నత ఫ్లైఓవర్ శిఖరాలను తొక్కి గెలిచిన ఉక్కుస్తంభమా! నిన్ను ఏనాడైనా నిందించానా? ఈ ఒక్క పూట వణకకు. నువ్వు వణికితే మన సైకిల్‌కు బుట్ట వస్తుంది!"

పాదం వణుకు మానింది.

పరుగెత్తిన బల్లిని పట్టించిన ఆ కన్ను, పాకిన బల్లిని ఏనాడూ పట్టించుకోలేదని ఆయనకు స్ఫురించింది. అంతే, నత్తలు సిగ్గుతో తల దాచుకునేంత మందగమనంతో, ముక్కు కొసన వేలాడే చెమటబొట్టును సైతం జారవద్దని కళ్ళతోనే శాసిస్తూ, వీరుడు పాదాన్ని దించాడు. మరో పాదం ఎత్తాడు. దించాడు. సంచిని చేరాడు. చక్రాన్ని ఒక చేతికి మార్చి, జిప్పును పన్ను పన్నుగా తెరవసాగాడు.

"ఇంకా కూయట్లేదేంటి?" బామ్మర్ది గొంతులో ఆందోళన. "సరే, ఓ జోకు చెప్తా విను. అనగనగా ఓ బావ. దొంగలొస్తారని గ్యారేజీకి సైరన్ పెట్టాడట. పెట్టాక... ఆ సైరన్‌కి దొరికిన మొదటి దొంగ... హహ్హ... ఆ దొంగ..."

జోకు పూర్తి కాలేదు. చెబుతున్నవాడికే నవ్వాగలేదు. ఆ వికటాట్టహాసం మెట్లెక్కి, మేడెక్కి, ఊయల చేరింది. సరిగ్గా ఆ క్షణాన వీరుని బొటనవేలు సంచిలోని రిమోట్ మీట నొక్కింది. ఎర్రకన్ను మూసుకుంది. పాప కళ్ళు తెరిచింది.

అర్ధాంగి మెట్లు దిగి వచ్చింది. ఏడుస్తున్న పాప ఆమె చంకలో ఉంది.

"అక్కా, బావ సైరన్..."

"ఏ సైరన్? కూసింది నువ్వు! గంటసేపు జోకొట్టి పడుకోబెట్టానురా దీన్ని. పట్టుకో. మళ్ళీ పడుకునేదాకా కింద దించావో చూడు."

తలుపు తెరుచుకుంది. చక్రధారి దర్శనమిచ్చాడు.

"మీకేంటండీ ఆ చెమటలు?"

"ఏం లేదే. వీల్ బిగిద్దామని."

వినండి, సకల దిక్కులారా! పాపను ఎత్తుకుని బామ్మర్ది వరండాలో అటూ ఇటూ తిరుగుతుండగా, రెండడుగుల సిమెంటు నేలను ఒక్క రక్తపు చుక్కా చిందించకుండా దాటిన ఆ ధీరుడు, చివరికి ఆ సైకిల్‌ను తన సొంతం చేసుకున్నాడు. అది ఆ రోజు పొద్దున కూడా ఆయనదే.