రంపం ముక్కు

జూన్ నెలాఖరు గాలివానకు కొత్తపేట దగ్గర దొరబాబు పెరట్లో పనసచెట్టు కూలి, గొడ్లసావిడి దారికి అడ్డంగా పడింది. రెండు రోజులుగా గేదెలు పక్కింటి పెరట్లోంచి చుట్టు తిరిగి వస్తున్నాయి. కోతపని చేసే మత్తయి సోమవారం వస్తానన్నాడు. అప్పటికి ఇంకా శుక్రవారమే. సోమవారం దాకా ఆగడం దొరబాబు స్వభావంలో లేదు.

అమలాపురంలో ఉన్న బావమరిది కేశవరావు దగ్గర పెట్రోలు రంపం ఉంది. అడిగిన వెంటనే పంపించేశాడు. "అరటిబోదె కోసినట్టు కోసేస్తది బావా" అని ఫోన్లో భరోసా కూడా ఇచ్చాడు.

"కాఫీ తాగి మొదలెడితే పదింటికల్లా అయిపోద్ది" అన్నాడు దొరబాబు భార్యతో.

ఉమాదేవి హైస్కూల్లో సైన్సు టీచరు. రంపంతో వచ్చిన కాగితాలు ఆమె రాత్రే చదివేసింది. "తలకి రక్షణ ఉండాలని రాసుందండి. కనీసం స్కూటరు హెల్మెట్ అన్నా పెట్టుకోండి. పెట్టుకుంటానని మాటిస్తేగాని నేను బడికి వెళ్ళను."

"చెట్టు కొయ్యడానికి హెల్మెట్ ఏంటి ఉమా?" అన్నాడుగాని మాటిచ్చాడు.

తొమ్మిదింటికి దొరబాబు తాంబూలం దవడన పెట్టుకుని, బనీను, లుంగీ, నల్లద్దం హెల్మెట్‌తో పెరట్లోకి దిగాడు. ఆ దారిన పోతున్న మత్తయి చూసి ఆగాడు. టింబరు డిపోలో నాలుగేళ్ళు అలాంటి రంపమే పట్టిన మనిషి.

"బాబుగారండి, ముక్కు జాగ్రత్తండి."

"ఎవరి ముక్కు?"

"రంపం ముక్కండి. గొలుసు తిరిగే ఈ బద్ద చివర, పైభాగం. తిరుగుతుండగా అది దేనికన్నా తగిలిందంటే రంపం మన మీదకే తంతాదండి. రెండు చేతుల్తోనూ పట్టుకోండి, బొటనవేలు పిడి కిందకి చుట్టండి. మీ మొహానికి ఎదురుగా రాకుండా కాస్త పక్కకి నిలబడండి. భుజం కన్నా ఎత్తున కొయ్యకండి."

"ఆయ్, తెలుసు మత్తయి."

దొరబాబుకు తెలియని సంగతి ఒకటుంటుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం అతనివ్వలేదు.

మొదటి రెండు కొమ్మలూ చక్కగా తెగిపడ్డాయి. మూడోది మొదలుపెట్టేసరికి దొరబాబుకు ధైర్యం రెట్టింపయింది. పంగలోకి రంపాన్ని తిన్నగా పొడిచాడు. ఆకుల వెనక ఇంకో కొమ్మ ఉందని చూడలేదు. రంపం ముక్కు దానికి తగిలింది. మరుక్షణం రంపం దూడ తన్నినట్టు పైకి లేచింది. లేచేటప్పుడు బ్రేకులా పనిచేసే ముందరి అడ్డుపలక ఎడమచేతికి కొట్టుకోవడంతో గొలుసు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆగిన బద్ద మాత్రం ఠప్పుమని హెల్మెట్‌ని తాకింది. దొరబాబు వెల్లకిలా పడ్డాడు. నోట్లోని తాంబూలం బనీను నిండా ఒలికింది. నాలుక కరుచుకున్నాడు. హెల్మెట్ బకిలు వంకరపోయి ఇక ఊడనంది.

మత్తయి పరుగున వచ్చి లేపి, ఒళ్ళంతా తడిమి చూశాడు. ఎక్కడా గీటు కూడా లేదు.

గోడ అవతలనుంచి పక్కింటి సుబ్బాయమ్మ తొంగి చూసింది. "ఏమైంది మత్తయి?"

"కంగారు పడకండమ్మగారండి. ముక్కు తగిలింది, అంతే."

సుబ్బాయమ్మకు చెవులు కాస్త మందం, కళ్ళు చురుకు. బనీను మీద ఎరుపును కళ్ళు చూశాయి. చెవులు దానికి తగ్గట్టు సర్దుకుని "తెగింది" అని విన్నాయి. ఆమె లోపలికి వెళ్ళి ఫోనందుకుంది.

దొరబాబు చొక్కా తొడుక్కుని, హెల్మెట్ పట్టీ కోయించుకోవడానికి వంతెన దగ్గర లోవరాజు సైకిల్ షాపుకు నడిచాడు. మిగతాది తనే కోస్తానని మత్తయి బూట్లూ చేతితొడుగులూ తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. షాపు మూసి ఉంది. ఇప్పుడే వస్తాడులే అని దొరబాబు గంటసేపు బల్ల మీద కూర్చున్నాడు. ఆ లోవరాజు అప్పటికే దొరబాబు పెరట్లో, రంపప్పొట్టు వేళ్ళతో జల్లిస్తున్నాడు.

అతనితోబాటు మరో పదిమంది ఉన్నారు. అమలాపురం నుంచి కేశవరావు కారులో ఐసుపెట్టెతో దిగాడు. తెగిన ముక్కు ఐసులో పెట్టి తెస్తే అతికిస్తారని ఎవరో డాక్టరు చెప్పాడట. దొరబాబును ఎవరో ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటారని అందరూ అనుకున్నారు. ముక్కుని ఎవరూ తీసుకెళ్ళలేదని కూడా అనుకున్నారు. అప్పటికి రెండుసార్లు పనసతొన దొరికింది.

విసిగిపోయి దొరబాబు తిరిగొచ్చాడు. అందరూ నేలమీద కళ్ళు పెట్టుకుని ఉండడంతో, హెల్మెట్ తలతో వచ్చినవాడు ఎవరో దారిన పోయే మోటారు సైకిలతను అనుకున్నారు. కరుచుకున్న నాలుకతో అతని గొంతూ గుర్తుపట్టేలా లేదు.

"ఏం పోయిందండీ?"

"ముక్కండి" అన్నాడు లోవరాజు తలెత్తకుండా.

హెల్మెట్ లోపల దొరబాబుకు అది "ముక్క" అని వినిపించింది. బావమరిది రంపం విరిగి ముక్క ఎగిరిపోయిందన్నమాట. గబగబా తనూ కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు.

"ఎంతుంటదండీ?"

"మామూలుగానే. కాస్త పొడుగు."

"నల్లగా ఉంటదా?"

"చామనఛాయండి."

పక్కనే కేశవరావు కండువాతో కళ్ళొత్తుకుంటున్నాడు. రంపం ముక్కకి ఇంత దుఃఖమా అని దొరబాబుకు జాలేసింది. "బాధపడకండి. కొత్తది వేయించుకోవచ్చు. రాజమండ్రిలో దొరుకుద్ది, ఉన్నదానికన్నా మంచిది."

కేశవరావు అతని వంక కోపంగా చూశాడు. "మీ ఇంట్లోవాళ్ళకి పోతే తెలుస్తదండి."

అప్పుడే ఆటో ఆగింది. కబురంది బడి నుంచి వచ్చిన ఉమాదేవి దిగింది. దారంతా ఏడ్చినట్టు ముఖం వాచి ఉంది. గుంపు వంక చూసింది. హెల్మెట్ వంక చూసింది. నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"ఏవండీ, మీరేం వెతుకుతున్నారు?"

"మీ అన్నయ్య రంపం ముక్క."

"వాళ్ళు వెతుకుతోంది మీ ముక్కండి."

దొరబాబు మెల్లగా అద్దం పైకెత్తాడు. ముక్కు ఉన్నచోటే ఉంది. కేశవరావు ఐసుపెట్టె మీద కూలబడ్డాడు. లోవరాజు లేచి, కత్తి తీసి హెల్మెట్ పట్టీ కోశాడు.

తల బయటపడగానే దొరబాబుకు పాత ధీమా తిరిగొచ్చింది. "నాదేం లేదు. మిషన్లోనే ఏదో లోపం ఉంది బావా."

ఉమాదేవి అన్నగారి వైపు తిరిగింది. "అన్నయ్యా, దీంతో నువ్వేం కోసేవు?"

కేశవరావు ఐసుపెట్టె మీంచి లేచాడు. "ఒక్క కొబ్బరి దుంగ. అదీ సగమే. నా మీదకి లేచింది. అప్పట్నుంచి బియ్యం బస్తాల వెనకుంది."

"మరి అరటిబోదె అన్నావు."

"బావ అడిగేడు. ఆయనకి అన్నీ తెలుసుగదా, నేను చెప్పేదేంటి అనుకున్నాను."

ఉమాదేవి ఇద్దరి వంకా చూసి, కన్నీళ్ళు తుడుచుకుని, గేటు దగ్గర బూట్లతో నిలబడ్డ మత్తయిని లోపలికి రమ్మంది. మత్తయి ముందు అందరినీ దూరంగా పంపించాడు. చుట్టూ ఉన్న ఆకులూ రెమ్మలూ తీసేశాడు. బద్ద చివర దేనికీ తగలకుండా, కాస్త పక్కకు నిలబడి, నడుం ఎత్తులోనే కోసుకుంటూ వెళ్ళాడు. చివరి దుంగ దగ్గర రంపం దొరబాబుకిచ్చి వెనక నిలబడ్డాడు. "బొటనవేలండి" అన్నాడు. "ఆయ్, తెలుసు" అనకుండా దొరబాబు బొటనవేలు చుట్టాడు. సాయంత్రం గేదెలు మామూలు దారిన వచ్చాయి.

ముక్కుని చూడ్డానికి జనం వారం రోజులు వస్తూనే ఉన్నారు. రంపం ఎలా పట్టుకోవాలో అడిగినవాళ్ళకి దొరబాబు ఓపిగ్గా చెప్పాడు, అడగనివాళ్ళకి ఇంకొంచెం వివరంగా చెప్పాడు.