సముద్రానికి కాలమ్ అక్కర్లేదు

అమెరికాలో అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా నగరంలో నివసిస్తున్న మూడు తెలుగు కుటుంబాలు ఈ వేసవిలో అట్లాంటిక్ తీరానికి వెళ్లి నాలుగు రోజులు సేదదీరాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఏ బీచ్‌కి అన్నది తొందరపడి తేల్చే విషయం కాదు గనుక, ఫిబ్రవరిలోనే ఒక ఎంపిక కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు మనోహర్. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్. తన సర్వీసులో ఆయన సకాలంలో పూర్తిచేసిన ప్రాజెక్టులు ఎన్నో చెప్పడం కష్టం గానీ, సకాలంలో మొదలుపెట్టని సమావేశం మాత్రం ఒక్కటీ లేదు.

ఆయన భార్య హైమకు కమిటీలో టీ, కారప్పూస శాఖ దక్కింది. ఆ శాఖను ఆమె సమర్థంగానే నిర్వహించింది. అయితే ఆమె మనసులో కమిటీకి సంబంధం లేని ఒక కోరిక ఉంది. వాళ్లమ్మాయి వేదకు పద్దెనిమిదేళ్లు. ఆగస్టు పదో తారీఖున మిషిగన్‌లో కాలేజీకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వేసవి సెలవులు ఇంటర్న్‌షిప్‌లవే తప్ప తల్లులవి కావని, ఇప్పటికే పిల్లల్ని పంపేసిన స్నేహితురాళ్లు హైమకు చెప్పి ఉన్నారు. ఈలోగా ఒక్కసారి వేద చేయి పట్టుకుని కెరటాల్లో నిలబడాలి. అంతే. హైమది బాపట్ల. చిన్నప్పుడు వాళ్లమ్మ పులిహోర డబ్బా కట్టి పదండి అంటే, అరగంటలో అందరూ సూర్యలంక ఇసకలో ఉండేవారు. ఎవరూ ఓటింగు పెట్టలేదు. పెట్టాలని వాళ్లకు తోచకపోవడానికి కారణం చదువు లేకపోవడమేనని మనోహర్ అభిప్రాయం.

మొదటి మూడు సమావేశాలు, సమావేశాలు ఏ వారం ఏ గంటకు జరగాలో నిర్ణయించడంతో విజయవంతంగా ముగిశాయి. నాలుగోదానిలో బీచ్‌ల జాబితా చర్చకు వచ్చింది. మర్టిల్ బీచ్ మొదట్లోనే పోయింది. అట్లాంటాలో ఉన్న తెలుగువాళ్లందరూ అక్కడ ఫొటోలు దిగేశారు గనుక, ఇప్పుడు వెళ్లి కొత్తగా ఎవరికి చూపించాలో తెలియలేదు. హిల్టన్ హెడ్‌కి రెండో కుటుంబంలోని రేణు తోడికోడలు కిందటేడే వెళ్లొచ్చింది. మనమూ వెళితే కాపీ కొట్టామంటుందని రేణు అన్నది. అందరూ సానుభూతితో తలలూపారు. డేటోనాలో ఇసక మీదే కారు నడపనిస్తారని రేణు భర్త ఉదయ్ ఉత్సాహంగా చెప్పాడు, చెప్పిన తర్వాత తన కొత్త కారు గుర్తొచ్చి తానే వెనక్కి తీసుకున్నాడు. మూడో కుటుంబం డాక్టర్ ఆదిశేషు గారు. పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, మూడు రాష్ట్రాల్లో గుండెలు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి, భార్య పోయాక ఒక్కరే ఒక కుటుంబం. ఆయన న్యూజెర్సీ తీరం సూచించారు. దారిలో ఎడిసన్‌లో ఆగితే మంచి ఇడ్లీ దొరుకుతుందట. ఇడ్లీ కోసం పద్నాలుగు గంటలు డ్రైవ్ చేయడంలోని ఔచిత్యం మీద చర్చ రెండు వారాలు నడిచింది.

ఇలా అభిప్రాయాలతో పని జరగదని, డేటా కావాలని మనోహర్ ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాడు. దానిలో పంతొమ్మిది కాలమ్‌లు. ఇండియన్ స్టోర్ ఎన్ని మైళ్లు, గుడి ఎన్ని మైళ్లు, అద్దె ఇంట్లో గ్యాస్ స్టవ్వా కరెంటు స్టవ్వా, పోపు పెడితే పొగ అలారం మోగుతుందా, బాత్‌రూముల్లో మగ్గు పెట్టుకునే చోటుందా, రైస్ కుక్కర్ మనమే తీసుకెళ్లాలా. ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంది. చూసినవాళ్లకు కళ్లు చెమర్చేంత చక్కని షీటు.

ఆరోజు హైమ టీ ట్రే పట్టుకుని నిలబడే, సముద్రం దగ్గరగా ఉందా లేదా అని ఒక కాలమ్ పెట్టొచ్చు కదా అని అడిగింది. మనోహర్ ఓపిగ్గా వివరించాడు.

“హైమా, అన్నీ బీచ్‌లే. అన్నిటికీ సముద్రం ఉంటుంది. అన్ని వరుసల్లోనూ ఎస్ అని వచ్చే కాలమ్ వల్ల డిఫరెన్స్ ఏం తెలుస్తుంది? అది వేస్ట్ కాలమ్.”

అది కాదనలేని తర్కం. హైమ కాదనలేదు. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సింకు దగ్గర కడిగిన కప్పులనే మళ్లీ కడిగింది. ఆ సంగతి సమావేశపు మినిట్స్‌లో లేదు.

ఏప్రిల్‌లో ఉపసంఘాలు ఏర్పడ్డాయి. భద్రతా ఉపసంఘానికి ఉదయ్ ఒక్కడే సభ్యుడు, అధ్యక్షుడూనూ. షార్కులు, జెల్లీఫిష్‌లు, లోపలికి లాగే కెరటాలు అన్నిటినీ అధ్యయనం చేసి, ఆయన నివేదిక సమర్పించాడు. “సముద్రంల దిగుడు రిస్క్ అన్నా. ఇంట్ల పూల్ ఉంటే సరిపోతది” అన్నది దాని సారాంశం. పూల్‌కి పది మార్కులు కేటాయించారు. చర్మ సంరక్షణ ఉపసంఘం తరఫున రేణు మాట్లాడింది. వాళ్ల అమ్మాయి నిధి అరంగేట్రం ఆగస్టు చివర్లో. ఎండకు పిల్ల నల్లబడితే వేలు పోసి కుట్టించిన మెరూన్ చీర నప్పదు. కనుక నీడకు మరో పది. కారులో ఇసక పడటం మీద కూడా తగినంత ఆవేదన వ్యక్తమైంది. ఇసక ఎంత దూరంగా ఉంటే ఆ ఇంటికి అన్ని మార్కులు ఎక్కువని తీర్మానించారు. ఈ సంస్కరణలన్నిటినీ ఆదిశేషు గారు ఆశీర్వదించి, మూడో కప్పు టీ అడిగారు.

షీటు సరిగ్గా కూడుతోందో లేదో చూసుకోవడానికి మనోహర్ చిట్టచివరి వరుసలో తన సొంత ఇంటి అడ్రస్ వేసి చూశాడు. పరీక్ష అయ్యాక తీసేద్దామనుకున్నాడు, మర్చిపోయాడు. పరీక్ష కోసం పెట్టినవి అలాగే లైవ్‌లోకి వెళ్లిపోవడం ఎలా ఉంటుందో ఈ కథ చదివేవారిలో సగం మందికి నేను చెప్పనక్కర్లేదు.

మే నెలాఖరున ఫలితాలు వెలువడ్డాయి. జాక్సన్‌విల్‌కి యాభై ఎనిమిది. హిల్టన్ హెడ్‌కి, తోడికోడలు మార్కులు తీసేయగా, అరవై ఒకటి. మనోహర్ ఇంటికి తొంభై నాలుగు.

ఆ వరుస పొరపాటున మిగిలిపోయిందని హైమ మెల్లగా అంది. మనోహర్ చాలాసేపు ఆలోచించాడు. ఆ సమయంలో ఆయన ముఖంలో కనిపించిన వేదన నిజాయితీపరుల ముఖాల్లోనే కనిపిస్తుంది.

“మనకి నచ్చలేదని రిజల్ట్ మార్చేస్తే, ఇక ఈ నాలుగు నెలల ప్రాసెస్‌కి వాల్యూ ఏముంది?”

ఆదిశేషు గారు లేచి నిలబడి, ఈ దేశంలో యాభై ఏళ్లుగా తాను చూస్తున్నానని, వాస్తవాలకు తలవంచిన జాతే పైకి వస్తుందని ప్రసంగించారు. రేణు ఆలోచించి చూస్తే ప్యాకింగ్ బాధ లేదంది. ఉదయ్‌కి డ్రైవింగ్ లేదు. ఇండియన్ స్టోర్ రెండు మైళ్లు, గుడి నాలుగు. తీర్మానం చప్పట్ల మధ్య ఆమోదం పొందింది. వంటింట్లో గిన్నె కొంచెం గట్టిగా కిందపెట్టిన చప్పుడైంది. అది కూడా చప్పట్లలో కలిసిపోయింది.

జూలై నాలుగు వారాంతంలో అట్లాంటిక్ తీర విహారం మనోహర్ పెరట్లో ఘనంగా ప్రారంభమైంది. గాలి నింపే పూల్ వచ్చింది. పిల్లల ఆటకని అమ్మే ఇసక రెండు బస్తాలు టార్పాలిన్ మీద పోశారు, అది గడ్డి మీదికి పోకుండా ఉదయ్ కాపలా. బ్లూటూత్ స్పీకర్లో కెరటాల చప్పుడు. నిధి గొడుగు కింద, పొడుగు చేతుల చొక్కాలో, బయటి ప్రపంచానికి ముక్కు మాత్రమే అప్పగించి కూర్చుంది. ఆదిశేషు గారు నల్లద్దాలు పెట్టుకుని, సముద్రపు గాలి గుండెకు ఎంతో మంచిదని అందరికీ చెబుతున్నారు.

పది గంటలకు బిర్యానీలోకి కొత్తిమీర చాలదని హైమ గమనించింది. తాళాలు తీసుకుని బయల్దేరింది. నేనూ వస్తానని వేద వెంట వచ్చింది. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కారు ఆపి, హైమ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమెకు ఏడుపు వస్తోంది, రావడం లేదు. వేద కొంతసేపు తల్లిని చూసి, ఫోన్‌లో మ్యాప్ తెరిచింది.

“అమ్మా, టైబీ ఐలాండ్ బీచ్ ఓన్లీ ఫైవ్ అవర్స్. వెళ్దామా?”

“బట్టలు తెచ్చుకోలేదు కదే.”

“సో?”

ఆ ప్రశ్నకు పంతొమ్మిది కాలమ్‌లలో ఎక్కడా జవాబు లేదు. హైమ కారు వెనక్కి తీసింది.

దారిలో మేకన్ ఊరు దాటాక మనోహర్ ఫోన్ చేశాడు. కొత్తిమీర ఎంతవరకు వచ్చిందని అడిగాడు. లైన్ చాలా పొడుగ్గా ఉందండీ అంది హైమ. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయనతో చెప్పిన మొదటి అబద్ధం అది, ఎంతో తేలిగ్గా వచ్చింది. మూడున్నరకు ఇద్దరూ చెప్పులు కారులో వదిలి ఇసకలోకి పరిగెత్తారు. హైమ చుడీదార్ మోకాళ్లదాకా తడిసింది, తర్వాత నడుందాకా. నీళ్లు బాపట్ల నీళ్లలాగే ఉప్పగా ఉన్నాయి. కెరటం వెనక్కి వెళుతూ కాళ్ల కింది ఇసక లాగేసినప్పుడు వేద కేకపెట్టి తల్లి చేయి గట్టిగా పట్టుకుంది. హైమకు అప్పుడొచ్చింది ఏడుపు. ఎండకు ఇద్దరూ శుభ్రంగా నల్లబడ్డారు.

రాత్రికి టైబీలోనే ఉండిపోతున్నామని వేద తండ్రికి మెసేజ్ పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం వాళ్లు కొత్తిమీర కట్టతో ఇల్లు చేరారు. మనోహర్ కోప్పడలేదు. లాప్‌టాప్ తెచ్చి, టైబీకి కొత్త వరుస చేర్చి, గుడి ఎంత దూరం, బాత్‌రూములు ఎన్ని అని అడిగాడు. చూడలేదంది హైమ. కారులో ఇసక ఎంత పడిందన్నాడు. చాలా పడిందంది. టైబీకి పదకొండు మార్కులు వచ్చాయి.

వేద ఆగస్టులో వెళ్లిపోయింది. ఆ ఇసక ఇంకా కారులోనే ఉంది. వాక్యూమ్ చేయిద్దామని మనోహర్ అన్నప్పుడల్లా హైమ తాళాలు తన బ్యాగులో వేసుకుంటుంది.

పెరటి విహారం ఫొటోలకు మాత్రం మూడు వందల లైకులు వచ్చాయి. ఏ బీచో చెప్పండి, లింకు పంపండి అని కాపెల్ నుంచీ ఫ్రీమాంట్ నుంచీ అక్కడి తెలుగువాళ్లు అడిగారు. మనోహర్ ఉదారంగా షీటే పంపేశాడు. అది గ్రూపు నుంచి గ్రూపుకి వెళుతోంది, ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. తెరిచి చివరి వరుసలో మీ అడ్రస్ వేసి చూసుకోండి. మీ ఇంటికీ తొంభై దాటుతాయి.