తెర మీద ఇక చావు లేదు

"నల్లజాతి గే పాత్రలకు మా తెర మీద ఇక చావు లేదు!" అని టీవీ షోలు తీసే హార్త్‌లైట్ ప్లస్ కంపెనీ వైవిధ్య విభాగం అధినేత బ్రాడ్‌ఫర్డ్ గారు అట్లాంటాలో ప్రకటించగానే హాలు హాలంతా లేచి నిలబడింది. సిటీ కౌన్సిల్ సభ్యుడొకాయన ఆనందం పట్టలేక, పక్కనున్న టీవీకి రిబ్బను కట్టించి మరీ కత్తిరించాడు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు డెమెట్రిక్. అతను నటుడు, నల్లవాడు, గే. ఈ మూడూ ఒక్క మనిషిలోనే ఉన్న పాపానికి ఇంతవరకూ ఏ షోలోనూ మూడో ఎపిసోడ్ దాటి బతకలేదు. ఒకసారి జబ్బుతో పోయాడు. ఒకసారి హీరోకి అడ్డుపడి తూటా తిన్నాడు. ఇంకోసారి హీరోయిన్‌కి పెళ్ళి సలహా చెప్పి, రోడ్డు దాటుతూ పోయాడు. వాళ్ళమ్మ ఒరాలీకి చర్చిలో ఉన్న స్నేహితురాళ్ళయితే, అతని షో చూడటానికి వచ్చేటప్పుడే కర్మ భోజనానికి తెచ్చినట్టు కోడి వేపుడూ కేకూ పట్టుకొచ్చేవారు.

ఆ కంపెనీ కొత్త షోలో వేషం దొరకగానే డెమెట్రిక్ అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "ఈసారి చావనమ్మా. కాంట్రాక్టులో రాశారు. ప్రేమకథ కూడా ఉందట!"

"నిజంగానా? ఒరేయ్, నువ్వు ముసలాడివై మనవల్ని తిట్టే సీను ఒక్కటి చూడాలని ఉందిరా నాకు!"

డెమెట్రిక్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. అతనికీ కావలసింది అదే.

షూటింగు ఒక్క పూటలో అయిపోయింది. కిటికీ దగ్గర నిలబెట్టి నవ్వమన్నారు, నవ్వాడు. "మిగతాదంతా డిజిటల్‌లో చూసుకుంటాం" అన్నారు బ్రాడ్‌ఫర్డ్ గారు. సైన్సు ఇంత పెరిగిందా అని డెమెట్రిక్ మురిసిపోయాడు.

మొదటి ప్రదర్శనకి ఒరాలీ కొత్త టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర మీద ఒక గోడ కనబడింది. గోడకి పటం, పటం కింద కొవ్వొత్తి, పటంలో నవ్వుతూ డెమెట్రిక్. హీరోయిన్ వచ్చి దుమ్ము తుడిచి, "పాపం, ఎవర్నో ప్రేమించేవాడు" అంది. ప్రేమకథ అంతటితో ముగిసింది.

దీపాలు వెలగగానే డెమెట్రిక్ లేచాడు. "చంపనన్నారు కదండీ!"

"ఎక్కడ చంపాం? షో మొదలయ్యేసరికే నువ్వు లేవు" అన్నారు బ్రాడ్‌ఫర్డ్ గారు నొచ్చుకుంటూ. "పైగా చివరి ఎపిసోడ్ దాకా ప్రతి సీనులోనూ ఉన్నావు. ఆ అదృష్టం హీరోకే లేదు!"

కౌన్సిల్ సభ్యుడు లేచి చప్పట్లు కొట్టాడు.

ఒరాలీ టోపీ సర్దుకుంది. "ఏం నాయనా, ఇంతకీ మావాడు ఎలా పోయాడు?"

"అది చెప్పడం లేదమ్మా" అన్నారాయన వినయంగా. "ఎవరికి నచ్చిన చావు వాళ్ళు ఊహించుకోవచ్చు. ప్రేక్షకులకీ ప్రాతినిధ్యం ఉండాలి కదా!"