రాలేదన్నకొద్దీ వచ్చిన పదవి

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి. డైరెక్టరు గదిలో బల్ల మీద ఏడాదిగా పేరుకుపోయిన కాగితాల గుట్టలోంచి తన బదిలీ దరఖాస్తును వెతికి తీసి, అన్నిటికంటే పైన పెట్టాలి. చప్పుడు చేయకుండా వచ్చేయాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదని దారి పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. నష్టం లేని పనికి ఇన్నిసార్లు చెప్పుకోవడం దేనికన్న అనుమానం రాకపోలేదు గానీ, అప్పటికే బస్సు దిగాడు.

తపాలా శాఖ ప్రధాన కార్యాలయంలో ఆయన పద్దుల తనిఖీ అధికారి. శాఖలో ఎవరు ఏ ఖర్చు పెట్టాలన్నా ఆయన సంతకం కావాలి. సంతకానికి బదులు సాధారణంగా ఒక అభ్యంతరం వచ్చేది. అందుకని వెనక అందరూ ఆయన్ని అభ్యంతరంగారు అనేవారు. ముందు ఏమీ అనేవారు కారు, ఆయన ముందుకు వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు కనుక.

ఆయన భార్య సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పోస్టుమాస్టరు. ఆవిడకు ఆ ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఇద్దరూ చెరో ఊళ్ళో ఉంటున్నారు. అక్కడి తనిఖీ కార్యాలయంలో ఒక పోస్టు ఖాళీ అయింది. హోదా తగ్గుతుంది, కుర్చీకి చేతులుండవు, అయినా ఆయన సిద్ధమే. డైరెక్టరు సంతకం ఒక్కటే తక్కువ. ఈ వారం దాటితే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. తీరా చూస్తే శాఖకు డైరెక్టరే లేడు. ఎంపిక సంఘంలో సగం మంది ఒకరినీ, సగం మంది మరొకరినీ పట్టుకుని ఏడాదిగా కూర్చున్నారు. ఇన్‌ఛార్జిగా ఉన్న డిప్యూటీ మేడం జాలిపడి సంతకం పెట్టబోయింది. కానీ ఇన్‌ఛార్జిగా ఉన్నవాళ్ళు బదిలీల మీద సంతకం పెట్టరాదని అంతకు ముందే ఒక అభ్యంతరం నమోదై ఉంది. రాసింది ఆయనే. నిబంధనల ప్రకారం అది సరైనదే కావడంతో వెనక్కి తీసుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎంపిక సంఘం మళ్ళీ కూర్చుంటోంది. ఈసారి ఎవరో ఒకరు రాక తప్పదని అందరూ అనుకుంటున్నారు. ఆ వచ్చేవాడి కన్ను మొదట తన కాగితం మీద పడాలన్నదే ఆయన ఆశ.

గదిలో దుమ్ము వాసన వేస్తోంది. దరఖాస్తు దొరికింది. పైన పెట్టాడు. కానీ నిలబడి చూస్తే పైన కనిపించేది, కూర్చుని చూస్తే కనిపించకపోవచ్చు. కూర్చున్నవాడి దృష్టి ఎడమవైపు పోతుందా, కుడివైపు పోతుందా? ఇలాంటి సందేహాలను తీర్చుకోకుండా వదిలేసే స్వభావం కాదు ఆయనది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. తల నిటారుగా పెట్టి, కొత్తగా వచ్చిన మనిషి లోపల ఎలా ఉంటాడో ఊహించుకుంటూ, బల్లను గంభీరంగా చూశాడు.

సరిగ్గా అప్పుడే గది ఊడవడానికి అటెండరు తలుపు తీశాడు. ముగ్గురు డైరెక్టర్లను చూసిన మనిషి. చీపురు తలుపు వెనక పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చాయి సార్ ఆర్డర్లు?"

"ఏ ఆర్డర్లూ రాలేదు. నాకేం పదవి రాలేదు."

అటెండరు ముఖం వికసించింది. "ఇంతకు ముందున్న పెద్దసారు కూడా ఇదే మాటన్నారు సార్. పొద్దున్నంతా రాలేదు రాలేదన్నారు. సాయంత్రం చార్జి తీసుకున్నారు."

ఆ కార్యాలయంలో నియామకాల తీరే అంత. రాతపూర్వకంగా ఉత్తర్వు చేతికందే దాకా పదవి వచ్చినవాడు రాలేదనే అనాలి. ముందే ఒప్పుకున్న ఒకాయనకు వెనకటికి చేతిదాకా వచ్చింది తప్పిపోయిందట. అప్పటినుంచి పదవి ఖాయమైనవాళ్ళంతా లేదనేవారు. రానివాళ్ళు మాత్రం నాకే వస్తుందని చెప్పుకు తిరిగేవారు. ఏళ్ళ తరబడి ఇది ఎంతగా స్థిరపడిపోయిందంటే, ఆ భవనంలో కాదనడం ఒక రకమైన ప్రకటన అయిపోయింది. అభ్యంతరంగారు లేచి నిలబడి, గట్టిగా, స్పష్టంగా, రెండుసార్లు కాదన్నాడు. ఇంత గట్టిగా ఇంతవరకూ ఎవరూ అనలేదు సార్ అని మెచ్చుకుని, అటెండరు కాఫీ తేవడానికి వెళ్ళాడు.

కాఫీ వచ్చేలోపల వార్త మూడంతస్తులూ దిగింది. ఆ శాఖలో ఉత్తరాలు ఆలస్యమవుతాయన్న మాట నిజమే కావచ్చు గానీ, కబుర్ల విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. గది బయట మనుషులు పోగయ్యారు. ఆయన వెళ్ళిపోదామని గుమ్మం దాకా రావడం, ఎవరో అభినందనలని చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిపించుకు రావడం, ఇలా కొంతసేపు జరిగింది. నాకేం తెలీదని మొత్తుకున్నాడు. ఆ మాటకు వాళ్ళు ఒకరినొకరు చూసుకుని తలలూపారు. ఏళ్ళుగా తన వరండాలోకి కూడా రాని మనుషులు నవ్వుతూ తన ఎదుట నిలబడడం ఆయనకు ఇబ్బందిగా ఉంది. ఆ ఇబ్బంది అడుగున ఎక్కడో చిన్న వెచ్చదనం కూడా ఉంది. దాన్ని ఆయన గమనించాడు, గమనించనట్టు ఊరుకున్నాడు.

చివరికి డిప్యూటీ మేడం వచ్చింది. అందరినీ బయటికి పంపి తలుపు వేసింది. ఆ పదవి తనకే వస్తుందని ఆవిడ ఎన్నడూ బయటికి అనలేదు. అంటే వస్తుందని నిజంగా నమ్మిందన్నమాట.

"నాక్కూడా చెప్పకూడదా?"

"చెప్పడానికేం లేదమ్మా. నా బదిలీ కాగితం పైన పెట్టుకుందామని వచ్చాను."

"కుర్చీలో కూర్చున్నారట."

"కూర్చుని చూస్తే ఎలా కనిపిస్తుందోనని."

ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఇంతకంటే నమ్మశక్యమైన అబద్ధం ఆడే తెలివి ఆయనకు ఉందని ఆవిడకు తెలుసు. ఇంత పేలవంగా చెప్పాడంటే దాచుతున్నది పెద్దదే అయి ఉండాలి. ఆవిడ కళ్ళు చెమర్చడం చూసి ఆయన మనసు కరిగింది. "న్యాయంగా ఈ పదవి మీకే రావాలమ్మా" అన్నాడు. హృదయపూర్వకంగానే అన్నాడు. అది ఓడిపోయినవాళ్ళతో గెలిచినవాళ్ళు అనే మాట అని అన్న తరవాత గాని ఆయనకు తట్టలేదు.

ఆవిడ తన గదికి వెళ్ళి మంత్రిత్వ శాఖ కార్యదర్శికి ఫోను చేసింది. మంచి మనిషిని వేశారు, సంతోషం, కాకపోతే మాకూ ఒక మాట చెప్పి ఉండాల్సింది అంది. కార్యదర్శికి ఈ సంగతేమీ తెలియదు. కానీ తనకు తెలియకుండా తన శాఖలో ఒక నియామకం జరిగిందని ఒప్పుకోవడం ఏ కార్యదర్శికైనా కష్టం. "అవునమ్మా, అన్నీ ఆలోచించే వేశాం" అన్నాడు. ఫోను పెట్టేసి సంఘంలో ఒక సభ్యుణ్ణి అడిగాడు. రెండు వర్గాలూ రాజీపడి మూడో మనిషిని తెచ్చారనీ, తనను మాత్రం పక్కన పెట్టారనీ ఆ సభ్యుడు అనుకున్నాడు. తరవాత ఫోనెత్తిన ప్రతి సభ్యుడూ అలాగే అనుకున్నాడు. మధ్యాహ్నం సంఘం కూర్చున్నప్పుడు తనకు తెలియదన్న సంగతి ఎవరూ బయటపడనివ్వలేదు. లెక్కల మనిషి అయితే మంచిదే అని ఒకరు, మంచిదే అని మరొకరు అన్నారు. ఏడాది తేలని విషయం టీ రాకముందే ఏకగ్రీవంగా తేలిపోయింది.

ఆ సమయానికి అభ్యంతరంగారు తన సొంత గదిలో తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను మోగింది. భార్య.

"మా మెయిల్ వ్యాను డ్రైవరు చెప్పాడండీ. మీరు డైరెక్టరయ్యారట."

"అవలేదు."

"సరే."

"సరే అంటే? నమ్మావా?"

"మీకు అబద్ధం చెప్పడం రాదు కదా. వచ్చుంటే నా వంట బాగుందని ఎప్పుడో ఒకసారి అనేవారు."

ఆ రోజు ఆయన మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడే. ఇంటికి ఇంకో తాళంచెవి చేయించానని ఆవిడ చెప్పింది. ఆ మాట మామూలుగా చెప్పడానికి ఆవిడ ఎంత ప్రయత్నిస్తోందో తెలిసి ఆయన మరీ ఎక్కువ మాట్లాడలేకపోయాడు.

ఫోను పెట్టేసిన కాసేపటికి ఉత్తర్వు వచ్చింది.

రెండుసార్లు చదివాడు. పేరు తనదే. పద్దుల తనిఖీ అధికారిగా ప్రస్తుతమున్న బాధ్యతలతో పాటు డైరెక్టరు పదవిలో పూర్తి అధికారాలతో నియమించడమైనదని ఉంది. తొందరలో తనిఖీకి వేరే మనిషిని వెతికే తీరిక ఎవరికీ లేకపోయినట్టుంది. వరండాలో చప్పట్లు వినిపించాయి. తనను నమ్మిన ఒకే ఒక్క మనిషి దగ్గర తాను అబద్ధాలకోరైపోయాడన్నది ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన. రెండో ఆలోచన ఆ కుర్చీ ఎంత మెత్తగా ఉందో గుర్తుకు రావడం. ఈ రెండో ఆలోచన వచ్చినందుకు ఆయన సిగ్గుపడ్డాడు, అయినా అది పోలేదు.

ఈసారి హక్కుగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మొదట వచ్చినవాడు బట్వాడా విభాగం అధికారి. అతని చేతిలో పోస్టుమాన్‌లకు వానకోట్లు కొనాలన్న పాత ప్రతిపాదన ఉంది. మూడు వానాకాలాలుగా తిరుగుతోంది. కింద తనిఖీ అధికారి అభ్యంతరాలు వరుసగా ఉన్నాయి. కొత్త డైరెక్టరు చదవడం మొదలుపెట్టాడు. సిబ్బంది వానలో తడిసినట్టు ఆధారం జతచేయలేదని మొదటిది. తడిసిన పోస్టుమాన్ ఫొటో జతచేస్తే, ఫొటో మీద తేదీ లేదని రెండోది. తేదీ వేసి పంపితే, ఆ తడి వాన వల్లనే అయిందని నిర్ధారణ కావలసి ఉందని మూడోది.

ప్రతి అక్షరం తనదే. ప్రతిదీ నిబంధనల ప్రకారం సరైనదే. కానీ బల్లకు ఇటువైపు నుంచి వాటిని చదవడం ఆయనకు అదే మొదటిసారి. ఇది రాసినవాడెవడో గాని వాడితో ఒక పూట కలిసి కూర్చోవడం కూడా కష్టమనిపించింది. అలాంటివాడితో కాపురం చేయడానికి ఒక మనిషి తాళంచెవి చేయించి కూర్చుంది.

కాగితం మీద మంజూరు చేయడమైనదని రాసి డైరెక్టరుగా సంతకం పెట్టాడు. పక్కనే తనిఖీ అధికారి సమ్మతికి వదిలిన చోటు ఉంది. అక్కడా తానే పెట్టాడు. మూడు వానాకాలాలు పట్టిన పని క్షణంలో అయిపోయింది. బట్వాడా అధికారి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. కొత్త డైరెక్టరుకు మాత్రం భయం వేసింది. ఇవాళ వానకోట్లు. రేపు ఈ రెండు సంతకాలతో ఈ గదికి కొత్త తివాచీ వేయించుకుంటే అడిగేవాడెవడు? అడగవలసినవాడు అప్పటికే ఈ కుర్చీ మెత్తదనానికి అలవాటు పడి ఉంటాడు.

డిప్యూటీ మేడంను పిలిపించాడు. ఆవిడ రాగానే కూర్చోమన్నాడు. ఆవిడ నిలబడే ఉంది.

"ఖర్చు పెట్టేవాడూ, లెక్క చూసేవాడూ ఒకడే కాకూడదమ్మా. ఇద్దరిలో ఒకణ్ణి పంపించెయ్యాలి."

"ఎవర్ని సార్?"

"లెక్క చూసేవాణ్ణి. బదిలీ అడుగుతున్నాడు కూడా."

"మరి ఆయన పోతే?"

"ఆ ఉద్యోగంతో పాటే కదా నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఆయనతో పాటు నేనూ పోతాను."

ఆవిడ అప్పుడు కూర్చుంది. "మీరు పొద్దున చెప్పింది నిజమేనా?" అని అడిగింది. నిజమేనన్నాడు. ఆ భవనంలో నిజం చెప్పేముందు ఎవరైనా హెచ్చరిస్తే బాగుంటుందని ఆవిడ అంది. ఇద్దరూ నవ్వారు. గుట్ట పైనున్న దరఖాస్తును ఆవిడే తీసి ఆయన ముందు పెట్టింది. ఇంతకీ పొద్దున్నే ఎడమవైపు పెట్టారు, నాకైతే కుడివైపుంటే బాగా కనిపించేది అంది.

సంతకం పెట్టి ఇంటికి ఫోను చేశాడు. ఫోనెత్తగానే నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పేశాడు.

"డైరెక్టరు పదవి వచ్చింది."

ఆవిడ ఏమైనా అనేలోపలే తొందరగా కలిపాడు.

"నేను చెప్పినప్పుడు రాలేదు. తరవాతొచ్చింది."

"మంచిదండీ" అంది ఆవిడ, మెల్లగా. "అయితే ఇక రారన్నమాట."

"రేపు పొద్దున బస్సుకి వస్తున్నా."

"పదవో?"

"అది మధ్యాహ్నమే అయిపోయింది."

ఆవిడకు ముక్క అర్థం కాలేదు. అయినా నమ్మింది. అన్నం ఎంత వండమంటారని అడిగింది.

ఒక డైరెక్టరు ఒకే పూటలో వచ్చి ఎందుకు వెళ్ళిపోయాడో మంత్రిత్వ శాఖలో ఎవరికీ తెలియలేదు. అడిగితే తమకు తెలియదని తేలిపోతుంది కనుక ఎవరూ అడగలేదు. ఆ సంవత్సరపు పర్యవేక్షణ నివేదికలో ఆయన పదవీకాలం గురించి ఒకే వాక్యం ఉంది: ఈ డైరెక్టరు హయాంలో శాఖలో ఎలాంటి ఆర్థిక అవకతవకలూ జరగలేదు.