మా మలుపులో మోర్లీ గారు

నలభై దాటిన ప్రతి గృహస్థూ ఒక దెయ్యాల వీడియో గేముకి వీరాభిమాని అయి తీరాలి! అవసరమైతే ప్రభుత్వం వారు దీనికొక చట్టం చెయ్యాలి. రేషన్ కార్డులో కుటుంబ సభ్యుల పేర్ల కింద ‘అభిమాన దెయ్యం’ అని ఒక గడి పెట్టించాలి.

నవ్వుతున్నారా? నవ్వండి. పోయినేడు ఉగాది దాకా నేనూ నవ్వినవాణ్ణే.

నా పేరు గణపతిరావు. వయసు నలభై ఏడు. చోడవరం బస్టాండుకి దగ్గర్లో జిరాక్స్ షాపు నాది. జిరాక్స్ అంటే ఒక్క జిరాక్సే అనుకోకండి. అర్జీలు టైపు చేస్తాను, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాను, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. చుట్టుపక్కల ఎవరికి ఏ కష్టం వచ్చినా అది ముందు నా కీబోర్డు మీదే పడుతుంది. అంతటి బాధ్యత గల మనిషి చెబుతున్నాడు కాబట్టి కాస్త వినండి.

గేము పేరు ‘లాడ్జ్ నైన్’. ఎక్కడో చలిదేశంలో ఒకే ఒక్కడు కూర్చుని భాగాలు భాగాలుగా తయారు చేస్తాడట. కంపెనీ లేదు, స్టాఫ్ లేదు, అచ్చం నా షాపులాగే! పాడుబడ్డ లాడ్జీలో టార్చి పట్టుకుని ఒక్కో గదీ తెరుచుకుంటూ పోవాలి. టార్చి బ్యాటరీ అయిపోతూ ఉంటుంది. చీకట్లో మిస్టర్ మోర్లీ ఉంటాడు. ఆయన ఆ లాడ్జీ మేనేజరు. చచ్చిపోయి చాలా కాలమైంది గానీ డ్యూటీ మానలేదు. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వు, ఎప్పుడు చూసినా జోడించిన చేతులు. దండం పెడుతున్నాడనుకునేరు! ఆ అరచేతుల మధ్య బయటికి పోయే తలుపు తాళంచెవి దాచుకుంటాడు.

పక్కనే సెల్‌ఫోన్ల షాపు హరిబాబు నాకీ గేము అంటించాడు. మొదటి రోజు మోర్లీ గారు బీరువాలోంచి బయటికి రాగానే నేను పెట్టిన కేకకి, ఆధార్ జిరాక్సుకొచ్చిన పెద్దాయన ఆధార్ వదిలేసి పారిపోయాడు. మళ్ళీ రాలేదు పాపం.

మా అమ్మ అప్పయమ్మ ఊరుకుంటుందా? "ఒరే, ఏట్రా ఆ మొకం? గాలి సోకినోడిలాగ పీక్కుపోయేవు. ఎవుడ్రా నువ్వు నిద్దట్లో కలవరించే ఆ తెల్లబట్టలోడు?" అంటూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. రెండు తాయెత్తులు కట్టించింది. ఒకటి నా జబ్బకి, రెండోది కంప్యూటరు మౌసుకి. మౌసు అప్పట్నుంచీ చక్కగా పని చేస్తోంది.

అయినా ఆ దెయ్యంలో ఏం తప్పుందో చెప్పండి! ఆయనకొక పద్ధతుంది. వెలుతురు పడితే ఆగిపోతాడు. పొద్దున ఒక రూలు, మధ్యాహ్నం ఒక రూలు చెప్పడు. "సారు మీటింగులో ఉన్నారు" అనడు. నిన్నెప్పుడు పీక్కుతినాలో అప్పుడే, సరిగ్గా వచ్చి తింటాడు. ఇంత సమయపాలన మీరెక్కడైనా చూశారా?

పైగా ఈ అభిమానం మనిషిలో మేధస్సుని పెంచుతుంది. ఐదో భాగంలో ఏడో నంబరు గదిలో బల్బు ఆరిపోతుంది. ఎందుకు ఆరింది? ప్రపంచమంతా ఇదే చర్చ! నేను అరవై నాలుగు పేజీల సిద్ధాంతం రాసి నెట్‌లో పెట్టాను. బ్రెజిల్ నుంచి ఒకాయన చదివి ఏడ్చాడట. హరిబాబు మాత్రం, "వైరింగు కాలిపోయుంటాది, దానికి అరవై పేజీలేట్రా" అన్నాడు. పదిహేను రోజులు వాడితో మాట మానేశాను. అభిమానికి ఆత్మాభిమానం ఉండాలి కదా!

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. గేముకి సంబంధం లేదు, అయినా చెబుతాను.

మా ఊరు చోడవరానికి ఏడు కిలోమీటర్లు, రావికమతం వైపు. పేరు చెప్పను, చెబితే అనవసరంగా కొందరికి కోపం. మెయిన్ రోడ్డు మలుపులో ఆటో దిగి అర కిలోమీటరు నడవాలి. రెండు వైపులా మనిషికి రెట్టింపు చెరకు. ఆ మలుపులో స్తంభం మీద లైటు పోయి మూడేళ్ళయింది.

మా అమ్మాయి ఇందు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. చోడవరంలో కాలేజీ అయి, ఆటో దొరికి, మలుపులో దిగేసరికి చలికాలం కదా, చీకటి పడిపోతుంది. నవంబరులో వరసగా మూడు సాయంత్రాలు ఎవడో బండికి లైటార్పేసి, మెల్లగా వెనకే వచ్చాడు. నేను వెళ్ళి తెచ్చుకోవచ్చు కదా అంటారు. వెళ్ళాను. ఇందు బండెక్కలేదు!

"మేం నలుగురం దిగుతాం నాన్నా. నన్నొక్కదాన్నీ ఎక్కించుకుపోతే ఆళ్ళు ముగ్గురూ ఏటైపోవాలి? బండొద్దు, లైటేయించు" అంది.

లైటు కోసం మూడేళ్ళలో మూడు అర్జీలు. నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేదు. మూడింటికీ కలిపి మెటీరియల్ రాలేదన్న మాట ఒకటి వచ్చింది. నాలుగో సాయంత్రం మా అమ్మ తీర్పు చెప్పేసింది. "సదువూ వద్దు గిదువూ వద్దు. గుంటని ఇంటికాడ కూకోబెట్టండి." మిగతా మూడిళ్ళలోనూ అదే తీర్పు. కాలేజీ వాళ్ళేమో హాజరు తగ్గితే హాల్ టికెట్ ఇచ్చేది లేదన్నారు. ఇందు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు కన్నతండ్రిగా నేనేం చేశాను? షాపుకి వెళ్ళి అరవై ఐదో పేజీ మొదలుపెట్టాను. ఏడో గది బల్బు సంగతి ఇంకా తేలలేదు మరి!

ఇంతలో డిసెంబరులో ఆరో భాగం విడుదలైంది. అభిమానులన్నాక ఫ్లెక్సీ లేకపోతే పరువేం కావాలి? పన్నెండు మందిమి తేలాం. మధ్యలో నిలువెత్తు మోర్లీ గారు, చుట్టూ మా పాస్‌పోర్టు ఫొటోలు, పైన ‘మిస్టర్ మోర్లీ గారి పునరాగమన శుభసందర్భంగా హార్దిక శుభాకాంక్షలు’. చోడవరంలో స్తంభాలన్నీ నాయకుల పుట్టినరోజులతో నిండిపోయి ఉన్నాయి. ఖాళీ స్తంభం ఎక్కడుంది? మా మలుపులో! అక్కడే కట్టి, కొబ్బరికాయ కొట్టి, మాడుగుల హల్వా పంచాం.

మర్నాడు పొద్దున లైన్‌మన్ సత్యారావు అటు వెళుతూ బండి ఆపాడు. మెడ పైకెత్తి చూశాడు. తెల్లబట్టలు, నవ్వు, జోడించిన చేతులు, చుట్టూ పన్నెండు ఫొటోలు. చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు.

"ఎవరు బాబూ ఈయన? కొత్తగా వచ్చేరా?"

ఫ్లెక్సీ తాడు బిగిస్తున్న హరిబాబు అబద్ధం ఆడని మనిషి. "కొత్తేటండీ! ఇప్పటికి ఐదుసార్లు వచ్చేరు. ఇది ఆరోసారి" అన్నాడు.

"ఆరుసార్లే! అలాటి పెద్దాయన్ని చీకట్లో ఎట్టేసేరేటి బాబూ? రేప్పొద్దున మాట నామీదకొస్తాది!"

మధ్యాహ్నం మూడయ్యేసరికి నిచ్చెన వచ్చింది. మనుషులొచ్చారు. మూడేళ్ళుగా రాని మెటీరియల్ కూడా వచ్చింది! మోర్లీ గారి మొహమ్మీద ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి, రెండు ఫోకస్ లైట్లు. మలుపు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది.

మర్నాటి నుంచి నలుగురు పిల్లలూ కాలేజీకి వెళ్ళారు. ఆ బండివాడు వెలుతురు చూసి ఆగిపోయాడు. వాడూ మోర్లీ గారి పద్ధతే అన్నమాట. మా అమ్మ మలుపు దాకా నడిచి వెళ్ళి, మోర్లీ గారి కాళ్ళకి కుంకుమ పెట్టి, "ఏ తల్లి కన్న బిడ్డో, సల్లగుండాల" అని దీవించింది. చచ్చినవాడికి ఆ దీవెన ఎంతవరకు పనికొస్తుందో తెలియదు.

జనం ఆగుతారా? ఫ్లెక్సీ తాడుకి అర్జీలు గుచ్చడం మొదలుపెట్టారు. పింఛను ఆగిపోయిందని ఒకరు, బోరు పని చెయ్యడంలేదని ఒకరు. ‘గౌరవనీయులైన శ్రీ మోర్లీ గారి దివ్యసముఖమునకు’ అని వాటిని టైపు చేసింది ఎవరనుకున్నారు? నేనే! చేస్తూ ఒక్కసారి కూడా నవ్వు రాలేదు నాకు.

పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజున ఎవరో పైవాళ్ళకి చెప్పేశారు, ఆయన నాయకుడు కాదు, దెయ్యమని. వెంటనే ఆర్డరు వచ్చింది. ‘భయానక చిత్రము ప్రదర్శించి ప్రజలను భయభ్రాంతులకు గురిచేయుచున్నందున’ ఫ్లెక్సీ తొలగించారు. లైట్లూ విప్పేశారు.

నేను సత్యారావు చేతులు పట్టుకున్నాను. "ఫ్లెక్సీ పట్టుకుపోండి బాబూ, లైట్లుంచెయ్యండి. ఆడపిల్లలు నడిచే దారి."

అతను మంచివాడే. తల దించుకున్నాడు. "ఆ లైట్లు ఆయనకిచ్చినవి బాబూ, దారికిచ్చినవి కావు. దారికింకా మెటీరియల్ రాలేదు" అన్నాడు.

కాబట్టి సోదరులారా, విషయం అర్థమైంది కదా? బొమ్మ చూసి ప్రజలు భయపడతారు. చీకటి చూసి భయపడినట్టు ఇంతవరకు ఏ ఆర్డరులోనూ రాలేదు. ఇందు మళ్ళీ ఇంట్లోనే ఉంది. పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటుంది, నన్నేమీ అడగడంలేదు. అడిగినా బాగుండును.

అరవై ఐదు పేజీల సిద్ధాంతమూ మొన్న చెరిపేశాను. దాని బదులు ఆ చలిదేశపు ఆయనకి ఒక పేజీ అర్జీ టైపు చేశాను. అయ్యా, తమరు దయతలచి ఏడో భాగం తక్షణం విడుదల చేసినట్లయితే మేము మళ్ళీ ఫ్లెక్సీ కట్టుకోగలము, ఈసారి మోర్లీ గారి నవ్వు కొంచెం తగ్గించవలెను అని. ఫ్లెక్సీ ఎందుకో, మా మలుపు సంగతేమిటో కూడా రాశాను.

మర్నాడే జవాబొచ్చింది! ఇన్నేళ్ళలో నేను టైపు చేసిన అర్జీల్లో వెంటనే జవాబొచ్చింది ఇదొక్కటే. చదివి చాలా బాధపడ్డాడట. పగలూ రాత్రీ ఒక్కడే చేసినా ఏడో భాగానికి రెండేళ్ళు పడుతుందట.

ఇందు పరీక్షలకి రెండు నెలలుంది.